శుక్రవారం ఫొటోలు

(మన సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





ఈ హాలు గోడలకు తగిలించిన ఫొటోల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. తీసిన మనిషి చెప్తేనే బాగుంటుంది. ఆయన ఈ హాల్లోనే, చివరి వరసలో, ఫ్యాను కింద ఉన్నారు. మైకు పట్టుకోమంటే లేచి ఇంటికి వెళ్ళిపోతానన్నారు. కాబట్టి ఆయన తోబుట్టువులం, ముగ్గురు చెల్లెళ్ళం, ఒక తమ్ముడు, మా అందరి తరఫునా మాట్లాడుతున్నాం. ఆయన పేరు చెప్పం, అది ఆయన పెట్టిన షరతు. మాకు భాయిజాన్, మీకూ అంతే అనుకోండి.

భాయిజాన్ 1994లో షార్జా వెళ్ళారు. ఇప్పటి లెక్క కాదది. విజయవాడ నుంచి షార్జాకు నేరుగా విమానం 2022 అక్టోబరు 31న మొదలైంది, అప్పటికి ఆయన తిరిగొచ్చి ఆరేళ్ళు. ఆ రోజుల్లో రైల్లో బొంబాయి వెళ్ళి, అక్కడ ఒక ముసాఫిర్‌ఖానాలో పన్నెండు రోజులు ఆగి, వీసా కాగితం చేతికొచ్చాక విమానమెక్కారు. పని ఏసీ డక్టులు బిగించడం. మొత్తం ఇరవై రెండేళ్ళు ఉన్నారు. మా అబ్బా పెడనలో కలంకారీ అచ్చులు వేసే పని చేసేవారు, కళ్ళు పాడై మానేశారు. ఆ తరువాత ఇల్లు గడిచింది, మా చదువులు, మూడు పెళ్ళిళ్ళు అయింది షార్జా డబ్బుతోనే. ఈ సంగతి ఇక్కడ కూర్చున్న ఇళ్ళల్లో సగానికి కొత్త కాదు.

వెళ్ళిన రెండో ఏడు ఒక కవరు వచ్చింది. చెక్కుతో పాటు ఏడు ఫొటోలు. యాషికా ఎమ్మెఫ్-2 అనే ప్లాస్టిక్ కెమెరా కొన్నానని రాశారు. అమ్మీకి కోపం వచ్చింది, ఆ డబ్బులు పెట్టి ఒక గొలుసు చేయించుకోవచ్చు కదా అని. తరువాత ఒక మలయాళీ స్నేహితుడు ఊరికి పోతూ తన పెంటాక్స్ కె-1000 కెమెరాను తక్కువకు ఇచ్చిపోయాడు. దాన్ని భాయిజాన్ ఇప్పటికీ ఒత్తయిన గుడ్డలో చుట్టి దాచుకున్నారు. అందులో బ్యాటరీ వెలుతురు కొలవడానికే, మిగతాదంతా చేత్తో తిప్పుకోవాలి. రీలుకు ముప్పై ఆరు బొమ్మలు. కడిగించి ప్రింట్లు వేయించడం చిన్న జీతానికి పెద్ద ఖర్చు, అందుకని నెలకు ఒక రీలు మించకూడదని నియమం పెట్టుకున్నారు.

ఇంట్లో ఇంకో అభ్యంతరం కూడా వచ్చింది. మా నానా, అంటే అమ్మీ వాళ్ళ నాన్నగారు, బొమ్మలు తీయడం మనకు సబబేనా అన్నారు. భాయిజాన్ ఉత్తరంలో జవాబు రాశారు: నానా, పాస్‌పోర్టుకు ఫొటో లేకుండా హజ్‌కు కూడా పోలేం కదా అని. ఇంకో సంగతి కూడా రాశారు, అది ఆయనకు అక్కడే ఎవరో చెప్పారట. 1861లో మదీనాను, 1880లో హజ్ సమయంలో మక్కాను కెమెరాతో తీసిన ముహమ్మద్ సాదిక్ బే ఈజిప్టు సైన్యంలో అధికారి, సర్వే పని ఆయనది. ఫొటోలు తీయడం ఆయన బతుకుతెరువు కాదు. నానాకు ఆ మాట నచ్చినట్టుంది, మళ్ళీ అడగలేదు. మసలా ఏమిటో ఆలిమ్‌లు చెప్తారు, అది మా పని కాదు. నానా వెళ్ళిపోయాక ఆయన దిండు కింద రెండు షార్జా ఫొటోలు దొరికాయన్నది మాత్రం నిజం.

ఇక ఆ ఫొటోల్లో ఏముండేది? అన్నీ శుక్రవారాలే. వారానికి ఆ ఒక్కరోజే సెలవు. ఇప్పుడక్కడ సెలవు రోజులు మారాయి గాని, భాయిజాన్ ఉన్నన్నాళ్ళూ శుక్రవారమే. జుమా నమాజు చేసి, బిర్యానీ ఒకటి నలుగురు పంచుకుని, కెమెరా మెడలో వేసుకుని బయల్దేరేవారు. మొదట రోలా. ఒకప్పుడు అక్కడ పెద్ద మర్రిచెట్టు ఉండేదట, 1978లో కూలిపోయింది. ఆ చోట ఇప్పుడు దాని గుర్తుగా కట్టిన స్మారకం ఉంది, చుట్టూ పచ్చిక. మన బీసెంట్ రోడ్డులో ఆదివారం సాయంత్రం ఎంత జనమో, శుక్రవారం రోలాలో అంతమంది మన దేశం వాళ్ళు, పాకిస్తానీలు, బంగ్లాదేశీలు. అక్కణ్ణుంచి నీలం పలకల సూకు. వాళ్ళ ఐదు దిర్హమ్‌ల నోటు మీద దాని బొమ్మే ఉండేది. మా దగ్గర ఆ నోటు, ఆ సూకు ముందు భాయిజాన్ నిలబడ్డ ఫొటో పక్కపక్కనే అతికించి ఉండేవి.

దూరం వెళ్ళే వీలున్నప్పుడు దుబాయి క్రీక్. ఒక దిర్హమ్ ఇస్తే అబ్రా అనే చెక్క పడవలో అవతలి గట్టుకు దింపుతారు. ఆయన ఆ దిర్హమ్‌తో దాటి, మళ్ళీ ఇంకో దిర్హమ్‌తో ఇటు వచ్చి, గట్టున లంగరేసిన ధౌలను తీసేవారు. బందరు వాళ్ళం కదా, పడవ కనిపిస్తే వదలం. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం నుంచి పర్షియా రేవులకు, ఎర్రసముద్రానికి ఓడలు వెళ్ళేవని మేం పాఠాల్లో చదువుకున్నాం. ఆయన ఆ దారికి అవతలి కొస చూశారు. ఖోర్‌ఫక్కాన్‌లో సముద్రం ఒడ్డున జాలరులు వలను రెండు వైపులా పట్టుకుని లాగుతున్న ఫొటో ఒకటుంది, ఆ స్తంభం మీద చూడండి. అది అచ్చం మన అలివి వల. ఫొటో వెనక ఉర్దూలో "గిలకలదిండి అనుకున్నారు కదూ" అని రాశారు. కల్బా వైపు వెళ్ళినప్పుడు మడ అడవి తీశారు. మన నాచుగుంట, ఎలిచెట్లదిబ్బ దగ్గర పెరిగే తెల్లమడే అక్కడా ఉంటుంది, చెట్టు కూడా అదే జాతి. చలికాలంలో రాస్ అల్ ఖోర్ దగ్గర వందలకొద్దీ రాజహంసలు దిగుతాయి, చూడ్డానికి గుడిసెల్లాంటివి కట్టారు. అవి ఆ ఫొటోల్లో గులాబీ చుక్కల్లా ఉంటాయి, ఎందుకంటే భాయిజాన్ దగ్గర దూరపు లెన్సు ఎప్పుడూ లేదు. ఆ చుక్కల్ని చూపిస్తూ మా చిన్న చెల్లెలు స్కూల్లో గొప్పలు పోయేది.

వేసవిలో తీసిన కొన్నిట్లో అంతా పొగమంచు. ఎడారిలో పొగమంచేమిటని అడిగితే నవ్వారు. ఏసీ గదిలోంచి కెమెరా బయటికి తెస్తే ఆగస్టు ఉక్కకు అద్దం మీద నీరు పడుతుంది, పావుగంట ఆగి తీయాలి. ఆ ఓపిక మొదట్లో లేదన్నారు. కారులో వదిలేసిన ఒక రీలు ఎండకు రంగులన్నీ తిరిగిపోయి, అందులో అందరూ కామెర్లు వచ్చినవాళ్ళలా ఉన్నారు. దాన్ని కూడా పంపించారు, డబ్బు పెట్టి కడిగించాక పారేయడం ఎందుకని.

అయితే ఆయన తీసినవాటిలో ఎక్కువ తన కోసం తీసుకున్నవి కావు. క్యాంపులో కెమెరా ఉన్నది ఆయనకొక్కడికే. గురువారం రాత్రికే వచ్చి చెప్పేవారట, భాయ్, రేపు నాది ఒకటి తీయాలి, ఇంటికి పంపాలి అని. ప్రింటు ఖర్చు తప్ప పైసా తీసుకోలేదు. అందరికీ ఒకటే కోరిక, వెనకాల మంచి సెట్టింగు ఉండాలి. ఫౌంటెను, ఖర్జూరం చెట్టు, లేకపోతే కారు. కోటు ఒకటే ఉండేది, నల్లది, ఎవరో వదిలేసి పోయింది. ఈ గోడ మీద ఆ కోటు ఐదుగురి ఒంటి మీద ఉంది, లెక్కపెట్టండి.

ఈ కారు సంగతి చెప్పాలి. గుడివాడ వైపు కుర్రవాడొకడు, పైపులు బిగించే హెల్పరు, ఎవరిదో తెల్ల ల్యాండ్ క్రూజర్‌కు ఆనుకుని ఫొటో దిగాడు. చేతిలో తాళాలగుత్తి. ఆ తాళాలు తన పెట్టెవి. ఫొటో ఊరికి చేరిన నెలకు అప్పు అడుగుతూ మూడు ఉత్తరాలొచ్చాయి. చెల్లెలి సంబంధం దాదాపు ఖాయమైంది, అవతలివాళ్ళు కట్నం పెంచారు. అన్న కారులో తిరుగుతుంటే చెల్లెలికి ఇంతేనా అన్నారట. ఆ పిల్లవాడు రాత్రి భాయిజాన్ దగ్గరికొచ్చి, ఆ ఫొటో అబద్ధమని నువ్వొక ఉత్తరం రాయి భాయ్, నేను రాస్తే నమ్మరు అని ఏడ్చాడు. భాయిజాన్ రాశారు. వాళ్ళు దాన్నీ నమ్మలేదు. డబ్బు ఎగ్గొట్టడానికి స్నేహితుడితో రాయించాడనుకున్నారు. ఆ పెళ్ళి వాళ్ళు అడిగిన కట్నానికే జరిగింది. ఆ అప్పు తీరడానికి ఆ కుర్రవాడు ఎన్ని ఏళ్ళు ఎక్కువ ఉండాల్సి వచ్చిందో భాయిజాన్ మాకు చెప్పలేదు.

ఆ తరువాత ఆయన ఎవరినీ కారు పక్కన తీయలేదు. ఇది మాకు నిన్నమొన్నటి దాకా తెలియదు.

ఎలా తెలిసిందో చెప్తాం. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. సింగ్‌నగర్‌లో ఉన్నవాళ్ళకు ఆ తారీఖు వేరే చెప్పక్కరలేదు. ప్రకాశం బ్యారేజీకి మర్నాడు 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, అంతకు ముందెన్నడూ అంత రాలేదు. మమ్మల్ని ముంచింది మాత్రం కృష్ణమ్మ కాదు, గండ్లు పడ్డ బుడమేరు. తెల్లారేసరికి వాకిట్లో నీళ్ళు, మధ్యాహ్నానికి కిటికీల దాకా. అమ్మీని కుర్చీలో కూర్చోబెట్టి పై వాటాకు ఎక్కించాం. మందులు, రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు తీశాం. మంచం కింద ఇనప ట్రంకుపెట్టె గుర్తుకు రాలేదు. గుర్తొచ్చినా ఇద్దరు మోస్తేగాని లేవదు. ఆరు రోజులు అది నీళ్ళలో ఉంది.

నీళ్ళు తీశాక తెరిస్తే బురద, ఒక రకమైన పులిసిన వాసన. మేం పారేద్దామన్నాం. భాయిజాన్ ఒప్పుకోలేదు. "ఫొటో పుట్టేదే నీళ్ళల్లోరా, నీళ్ళు దాన్ని చంపవు, ఆరడమే చంపుతుంది" అన్నారు. మాకు అర్థం కాలేదు. ప్రింటు కాగితం మీద సన్నటి జిలాటిన్ పొర ఉంటుందట. తడిస్తే ఉబ్బుతుంది, ఒకదానికొకటి ఆనుకుని ఆరితే మాత్రం ఇక విడదీయలేం. కాబట్టి ఎండలో పరచకూడదు, ముందు మళ్ళీ మంచినీళ్ళలో వేయాలి. మంచినీళ్ళే కరువైన రోజులవి. ట్యాంకరు దగ్గర పట్టిన బిందెల్లో సగం వంటకు, సగం ఫొటోలకు. నానబెట్టి, అంచు పట్టుకుని మెల్లగా విడదీసి, బొమ్మ మీద వేలు పడకుండా కడిగి, బట్టల క్లిప్పులతో నీడలో ఆరేశాం. మీలో ఎవరికైనా అలాంటి ఆల్బమ్ ఇంకా తడిగా ఉంటే ఇలాగే చేయండి. ఆ వారం మా మేడ మీద దండెం నిండా షార్జాయే. సుమారు పదకొండు వందల ప్రింట్లలో నాలుగు వందలు దక్కాయి. జిగురు పేజీల ఆల్బమ్‌లో ఉన్నవన్నీ పోయాయి, మా పెళ్ళి ఫొటోలతో సహా.

ట్రంకు అడుగున ఒక బిస్కెట్ డబ్బా. దాని సంగతి మాకు తెలియదు. అందులోనివి శుక్రవారం ఫొటోలు కావు. రెండంతస్తుల మంచాలు నాలుగు ఉన్న గది, మంచాలకు కట్టిన చీరలాంటి తెరలు, ఒక మేకుకు వేలాడుతున్న టిఫిను. తెల్లవారుజామున కంపెనీ బస్సు కోసం చీకట్లో నిలబడ్డ మనుషులు, ముఖాలు సరిగా కనపడవు. ఎండాకాలం మధ్యాహ్నం, పన్నెండున్నర నుంచి మూడింటి దాకా పని ఆపాలని అక్కడ నియమం, జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా. ఆ వేళ షెడ్డు నీడలో వరసగా పడుకున్నవాళ్ళు, ముఖాల మీద తడిగుడ్డలు. ఇంకోదాంట్లో ఒకతను నూనె డబ్బా మీద కూర్చుని క్యాసెట్ రికార్డరులో ఇంటికి మాటలు రికార్డు చేసుకుంటున్నాడు. మాకూ అలాంటి క్యాసెట్లు వచ్చేవి. అవి ఎక్కడ కూర్చుని మాట్లాడినవో మేం ఎప్పుడూ ఆలోచించలేదు.

ఒకదాంట్లో ఎవరూ లేరు. పై మంచం, సన్నటి పరుపు, గోడకు మా నలుగురి స్కూలు ఫొటోలు. అమ్మీ కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇదేనా నీ మంచం?" అంది.

భాయిజాన్ అవునన్నారు.

"ఎక్కడానికి నిచ్చెన ఏదీ?"

"కింది మంచం మీద కాలు పెట్టి ఎక్కేవాణ్ణి."

అంతకు మించి ఆ రోజు ఏమీ మాట్లాడుకోలేదు. ఎందుకు పంపలేదని తరువాత మేం అడిగాం. పంపితే మీరు డబ్బు వాడుకునేవాళ్ళు కాదు అన్నారు. అది నిజమో కాదో మాకు ఇప్పటికీ తేలలేదు. వాడుకునేవాళ్ళమేమో. కాకపోతే రెండో మేడ వేసేవాళ్ళం కాదు, అది మాత్రం గట్టిగా చెప్పగలం. ఆ మేడే వరదలో మమ్మల్ని కాపాడింది. ఏమని లెక్కవేయాలో మాకు తెలియడం లేదు.

మా బళ్ళో పదో తరగతి పిల్లలు ఫోన్లలో దుబాయి చూపిస్తారు. బుర్జ్ ముందు అన్న, మాల్‌లో మామూ. వెళ్ళొద్దని మేం అనం, ఏ ముఖంతో అంటాం? కాకపోతే ఆ మామూను సోమవారం ఫొటో ఒకటి పంపమనండి అంటాం. ఇద్దరు పిల్లలు అడిగారు. ఒకరికే వచ్చింది.

ఇంకొక్కటి చెప్పాలి, కమిటీ వారు ఏమీ అనుకోకూడదు. భాయిజాన్ ఆ గది ఫొటోలు అడగకుండా తీయలేదు. కాదన్నవాళ్ళను వదిలేశారు. అడక్కుండా మనిషిని తీస్తే ఆ దేశంలో కేసవుతుంది, కాని ఆయన భయం అది కాదు. ఇక్కడికొచ్చాక మన రంజాన్ రేషన్ పంపిణీకి ఫొటోలు తీయమని సొసైటీ వారు ఆయనకు అప్పగించారు. ఆయన బస్తాలు తీశారు, తూకం తీశారు, చేతులు తీశారు. ముఖాలు లేవు. దాతలకు ఏం చూపిస్తాం అని కొందరు పెద్దలు విసుక్కున్నారు. దానం గుప్తంగా ఇస్తే మరీ మేలని ఖుర్‌ఆన్ చెప్పింది మనందరికీ తెలుసు. అయినా లెక్క చూపాలి, రసీదు కావాలి, అదీ తెలుసు. మేం వాదనకు దిగం. మాకు జరిగింది చెప్తాం. వరద మూడో రోజు పడవలో పాల ప్యాకెట్లు వచ్చాయి. మన సొసైటీ కాదు, వేరే వాళ్ళు. చెయ్యి చాపగానే పడవలో ఒకతను ఫోను ఎత్తాడు. మా రెండో చెల్లెలు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఇటు తిరగమ్మా అన్నాడతను. ఇంట్లో ఏడాది బిడ్డ ఉంది. తిరిగింది. మంచివాడే అతను, మెడలోతు నీళ్ళలో పడవ నెట్టుకుంటూ వచ్చినవాడు. ఆ ఫొటో ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది.

మీరు ఈ సంచికలో చూసే పంపిణీ ఫొటోలు భాయిజాన్ తీసినవే. చేతులు చూసి ఎవరివో గుర్తుపట్టే ప్రయత్నం చేయకండి.

ఇప్పుడు అసలు పని. ఆయన ఇతరుల కోసం తీసినవాటి నెగెటివ్‌లు చాలావరకు బాగున్నాయి. ప్లాస్టిక్ కవర్లలో ఉండడం మేలు చేసింది. ప్రతి కవరులో ఒక చీటీ, పేరు, ఊరు. బాల్ పెన్నుతో రాసినవి నిలిచాయి, ఇంకు పెన్నువి కరిగిపోయాయి. నిలిచిన చీటీలను బట్టి పెడన, గూడూరు, నూజివీడు, చల్లపల్లి, విజయవాడ వించిపేట వాళ్ళకు ఇప్పటికి పంతొమ్మిది ఇళ్ళకు ప్రింట్లు అందించాం. ఒక ఇంట్లో, బందరు దగ్గర, ఆ మనిషి షార్జాలోనే పోయి పద్దెనిమిదేళ్ళయింది. ఖననం కూడా అక్కడే. ఆయన భార్య దగ్గరున్నది పాస్‌పోర్టు ఫొటో ఒక్కటే. మేం తీసుకెళ్ళినదాంట్లో ఆయన రోలాలో గడ్డి మీద కూర్చుని వేరుశెనక్కాయలు వొలుస్తున్నాడు, దేనికో నవ్వుతున్నాడు. ఆమె మమ్మల్ని కూర్చోమనడం కూడా మరిచిపోయింది. ఆయన పోయేనాటికి కడుపులో ఉన్న కొడుకు ఇప్పుడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. ఆ ఫొటో పట్టుకుని అద్దం దగ్గరికి వెళ్ళాడు.

పేర్లు పోయినవి ఇంకా అరవై మూడు ఉన్నాయి. వరండాలో బల్ల మీద పరిచాం, ఒక్కోదానికీ నంబరు వేశాం. భోజనాలకు ముందు అందరూ ఒకసారి చూసి వెళ్ళండి. ముఖ్యంగా పెద్దవాళ్ళు, కళ్ళజోడు తెచ్చుకున్నవాళ్ళు. ఎవరైనా మీకు తెలిసినవాళ్ళయితే పక్కనున్న నోటుపుస్తకంలో నంబరు, ఊరు రాయండి. చాలు, మిగతాది మేం చూసుకుంటాం. పదిహేడో నంబరు గురించి మాత్రం భాయిజాన్ ప్రత్యేకంగా చెప్పమన్నారు. ఆకుపచ్చ చొక్కా, ఎడమ కనుబొమ మీద కోత గుర్తు, చేతిలో మూత లేని టిఫిను. అవనిగడ్డ వైపు మాట అతనిది. ప్రింటు డబ్బులు ముందే ఇచ్చాడట. తీసుకోవడానికి రాలేదు.